డీజిల్ ఇంజన్ ఈజీఆర్‌లో పేరుకున్న కార్బన్: గుర్తించడం, విప్పడం, శుభ్రం చేయడం ఎలా?

బండి పికప్ తగ్గుతుంది, రేస్ ఇస్తే నల్లపొగ వస్తుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్) వాల్వ్ విప్పి, స్ప్రే కొట్టి, తుడిచి బిగించేస్తే నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు పోయాక అదే లైటు, అదే పొగ. మసిని కడిగారు గానీ అది ఎందుకు అంత వేగంగా పేరుకుందో చూడలేదు కాబట్టే ఇలా అవుతుంది. ఈ పనిలో అసలు విలువైన క్షణం వాల్వ్ బయటికి తీసి, ఇంకా ఏ స్ప్రే కొట్టకముందు దాన్ని వెలుతురులో పట్టుకుని చూసేది. రోగం ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది. కాబట్టి తొందరపడి కడగకండి.

కార్బన్ ఎందుకు పేరుకుంటుంది

సిలిండర్‌లో మంట వేడి బాగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఆ వేడిని అదుపులో పెట్టడానికే, సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోకి పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎక్కువ. అందువల్ల మంట కాస్త చల్లబడుతుంది.

పొగతో పాటు మసి కూడా వస్తుంది. అయితే పొడి మసి ఒక్కటే ఉంటే అందులో చాలా భాగం గాలితో పాటు లోపలికి పోయి కాలిపోయేది. దాన్ని గోడలకు అంటించేది ఆయిల్ ఆవిరి. ఇంజన్ అడుగు భాగంలో పుట్టే ఆయిల్ ఆవిరిని బ్రీదర్ పైపు ద్వారా టర్బోకు ముందున్న గాలి పైపులో కలుపుతారు. ఆయిల్ తడి ఉన్న గోడ మీద మసి వాలి, వేడికి గట్టిపడి, తారు రోడ్డులా పొర మీద పొర కడుతుంది. పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్‌లో కాలని డీజిల్ ఆవిరి కూడా చల్లబడి గోడలకు అంటుకుంటుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలు అందుకే హాని చేస్తాయి.

ఇంకొక సంగతి. ఐడిలింగ్‌లోనూ, తక్కువ లోడులోనూ వాల్వ్ ఎక్కువ తెరుచుకుంటుంది. పూర్తి లోడులో దాదాపు మూసుకుంటుంది. గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడే బండికి, బరువుతో హైవే మీద నడిచే బండికి లోపల తేడా ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా టర్బోకు ముందే పొగను తీసుకునే హై ప్రెషర్ ఈజీఆర్ గురించి. కొన్ని ఇంజన్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తర్వాతి నుంచి తీసుకునే లో ప్రెషర్ ఈజీఆర్ ఉంటుంది. ఫిల్టర్ దాటి వచ్చిన పొగ కాబట్టి అందులో మసి చాలా తక్కువ. అది మసితో నిండిపోయి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది డీపీఎఫ్ పగిలిందేమోనని.

విప్పకముందు స్కానర్ ఏం చెబుతోందో చూడండి

స్కానర్ అంటే ఇంజన్ కంప్యూటర్‌కు తగిలించి, అది దాచుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరం. ఆ కోడ్‌లు రాసుకోకుండా చెరిపేయకండి. పీ0401 అంటే రావాల్సినంత పొగ రావడం లేదు. పీ0402 అంటే అవసరానికి మించి వస్తోంది. పీ0403 కరెంటు సర్క్యూట్‌కు సంబంధించినది, దానికి కడగడం మందు కాదు, వైరింగు, కనెక్టర్ చూడాలి. పీ0404 అయితే వాల్వ్ కంట్రోలు ఉండాల్సిన పరిధిలో లేదని అర్థం. ఎక్కువసార్లు మసి వల్ల ఇరుక్కుని, కొన్నిసార్లు మోటారు అరిగి ఇలా జరుగుతుంది.

ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. కూలెంట్ 80 డిగ్రీలు దాటాలి. ఎంతసేపు నడిపినా దాటకపోతే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసేది) తెరుచుకుని ఇరుక్కుందన్నమాట, మసికి ఒక కారణం అక్కడే దొరికింది. ఇప్పుడు ఐడిలింగ్‌లో లైవ్ డేటా తెరిచి మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: కంప్యూటర్ అడిగిన ఈజీఆర్ శాతం, వాల్వ్ నిజంగా తెరుచుకున్న శాతం, ఎయిర్ మాస్ సెన్సర్ కొలిచే గాలి. స్కానర్‌లో యాక్చుయేటర్ టెస్ట్ ఉంటే దానితో వాల్వ్‌ను తెరిపించి, మూయించండి.

వాల్వ్ తెరుచుకున్నప్పుడు లోపలికి పొగ వస్తుంది కాబట్టి తాజా గాలి స్పష్టంగా తగ్గాలి, మూసుకోగానే మళ్లీ పెరగాలి. వాల్వ్ కదులుతున్నట్టు చూపిస్తున్నా గాలి అంకె మారకపోతే అడ్డం వాల్వ్‌లో కాదు, పైపులోనో కూలర్‌లోనో ఉంది. అడిగిన శాతానికి, ఉన్న శాతానికి పొంతన లేకపోతే వాల్వ్ ఇరుక్కుంది. మూసినప్పుడు కూడా గాలి తక్కువగానే ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి, లేదా ఎయిర్ మాస్ సెన్సర్ మురికి పట్టి తప్పు చెబుతుండవచ్చు. ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి, పని అయ్యాక మళ్లీ కావాలి.

వాక్యూమ్‌తో పనిచేసే పాత రకం వాల్వ్ అయితే చేతి వాక్యూమ్ పంపు చాలు. గొట్టం పీకి పంపు తగిలించి సుమారు 0.5 బార్ లాగితే వాల్వ్ కడ్డీ పైకి లేవాలి, పంపు మీటరు ముల్లు అక్కడే నిలబడాలి. ముల్లు పడిపోతుంటే లోపలి డయాఫ్రమ్ చిరిగింది, అలాంటి వాల్వ్‌ను ఎంత కడిగినా ప్రయోజనం లేదు.

చివరగా ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇన్‌టేక్ దాకా ఉన్న హోసులు, క్లాంపులు చూడండి. హోసులో సన్నని చీలిక ఉన్నా గాలి బయటికి పోతుంది, కొలిచిన గాలికి తగ్గట్టు డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది. నల్లపొగ, మసి రెండూ అక్కడ పుడతాయి.

కావలసినవి

8, 10, 12, 13 మి.మీ. సాకెట్లు, అలెన్ కీలు, టార్క్స్ బిట్లు, టార్క్ రెంచి, తుప్పు వదిలించే స్ప్రే. శుభ్రం చేయడానికి ఈజీఆర్ లేదా కార్బ్యురేటర్ క్లీనర్ రెండు డబ్బాలు, నైలాన్ బ్రష్షులు, ఇత్తడి బ్రష్షు, చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడు పుల్లలు, వాక్యూమ్ క్లీనర్, నూలు రాలని గుడ్డలు. విప్పే ప్రతి జాయింటుకూ కొత్త గ్యాస్కెట్ ముందే తెచ్చి పెట్టుకోండి. పాతది మళ్లీ వేస్తే పొగ లీకవడం దాదాపు ఖాయం.

నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, సన్నని దుమ్మును ఆపే మాస్క్ తప్పనిసరి. డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండిన మసిని ఎయిర్ గన్‌తో ఊదడమంటే దాన్ని నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపుకోవడమే. ముందు వాక్యూమ్‌తో లాగండి. పని ఆరుబయట లేదా గాలి బాగా ఆడే చోట చేయండి, స్ప్రే దగ్గర నిప్పు, వేడి బల్బు ఉండకూడదు.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ఇగ్నిషన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ఇంజన్ కంప్యూటర్ తన లెక్కలు దాచుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి. ఎగ్జాస్ట్ వైపు బోల్టులకు తుప్పు స్ప్రేను ముందు రోజు రాత్రే కొట్టి ఉంచితే సగం శ్రమ తగ్గుతుంది.

వాల్వ్‌కు గానీ కూలర్‌కు గానీ కూలెంట్ పైపులు ఉంటే, రేడియేటర్ మూతను చల్లారాకే తీసి, శుభ్రమైన పాత్రలోకి కూలెంట్ దింపండి. కనెక్టర్ లాక్‌ను నొక్కి తీయాలి. వైరు పట్టుకుని లాగితే లోపలి పిన్ను ఊడి, రేపు పీ0403 మీరే తెచ్చుకున్నట్టవుతుంది. ప్రతి దశలో ఫోనులో ఫొటో తీసుకోండి. బోల్టులు ఒకేలా కనిపించినా పొడవులు వేరు. అట్టముక్క మీద వాల్వ్ ఆకారం గీసి, ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలో గుచ్చి పెట్టుకోవడం మంచి అలవాటు.

బోల్టు రాకపోతే ముందు కొద్దిగా బిగించే వైపు కదిలించి, తర్వాత విప్పే వైపు తిప్పండి. మరల్లో ఇరుక్కున్న తుప్పు అలా పగులుతుంది. మొండిగా ఒకే వైపు బలం పెడితే బోల్టు తల తెగి, పని రెండు రోజులకు పాకుతుంది. వాల్వ్ బయటికి రాగానే ఇంజన్ వైపు తెరుచుకున్న రంధ్రాలను పెద్ద రంగు గుడ్డతో మూసేయండి. చిన్న గుడ్డముక్క లోపలికి జారితే కనిపించదు.

కడగకముందు చూడాల్సింది

వాల్వ్‌ను వెలుతురులో పెట్టి, గ్లవ్ వేసుకున్న వేలితో లోపలి పొరను రుద్ది చూడండి.

పొడిగా, మెత్తగా, కాటుకలా రాలే మసి అయితే ఇంజన్‌లో డీజిల్ సరిగా కాలడం లేదు. గాలి తక్కువవుతోంది లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టర్, హోసుల లీకు, ఎయిర్ మాస్ సెన్సర్, ఇంజెక్టర్లు ఈ వరుసలో చూడాలి.

జిగురుగా, మెరుస్తూ, వేలికి అంటుకుని సాగే నల్లటి ముద్ద అయితే ఆయిల్ ఎక్కువ వస్తోంది. టర్బో తర్వాతి పైపు విప్పి చూడండి. లోపల పలుచని ఆయిల్ తడి మామూలే, కింద మడుగు కట్టి ఉంటే మాత్రం కాదు. ఆయిల్ ఆవిరిని వేరుచేసే సెపరేటర్ మూసుకుపోవడం, టర్బో సీలు అరగడం, ఇంజన్ ఆయిల్ గరిష్ఠ గీత దాటి పోయడం దీనికి ముఖ్య కారణాలు. ఇంజన్ తిరిగి జతచేశాక ఐడిలింగ్‌లో ఆయిల్ పోసే మూతను విప్పి, దాని చోట ఊరికే ఆనించి చూడండి. కొద్దిగా అదిరితే ఫర్వాలేదు. గాలి తన్ని ఎగరగొడుతుంటే సెపరేటర్‌నూ, పిస్టన్ రింగుల నుంచి వచ్చే లీకేజీనీ పరీక్షించాలి.

మసి మధ్యలో ఒక భాగం మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉన్నా, తెల్లటి పెచ్చులు కట్టినా, కూలర్ లోపల కూలెంట్ కారుతోందని గట్టిగా అనుమానించండి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గడం, ఉదయం స్టార్ట్ చేయగానే తీపి వాసనతో తెల్లపొగ రావడం దీనికి తోడుంటాయి. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. రాత్రంతా కారిన కూలెంట్ సిలిండర్‌లో నిలిస్తే, స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలాంటి కూలర్‌ను కడగకండి, మార్చండి.

వాల్వ్ శుభ్రం చేయడం

ముందు పొడిగా గీకండి. మందపాటి పొరను చెక్కపుల్లతో ఊడదీసి వాక్యూమ్‌తో లాగేస్తే, క్లీనర్ సగమే ఖర్చవుతుంది, బురద కూడా తగ్గుతుంది. తర్వాత మోటారు పైకి, వాల్వ్ నోరు కిందికి ఉండేలా పట్టుకుని స్ప్రే కొట్టండి. ద్రవం కిందికే కారాలి, మోటారులోకి, పొజిషన్ సెన్సర్‌లోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. ఎలక్ట్రిక్ వాల్వ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ద్రవంలో ముంచకండి. 10-15 నిమిషాలు నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, తుడిచి, మళ్లీ కొట్టండి. గట్టి పొరకు ఇలా మూడు నాలుగు విడతలు పడుతుంది. అందులో అడ్డదారి లేదు.

ఎలక్ట్రిక్ వాల్వ్‌లో దారిని మూసే పళ్లేన్ని స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తెరవకండి. చాలా వాటిలో లోపలి గేర్లు ప్లాస్టిక్‌వి, పన్ను విరిగితే వాల్వ్ మొత్తం మార్చాలి. కనెక్టర్ తాత్కాలికంగా తగిలించి, బ్యాటరీ కలిపి, స్కానర్‌తో తెరిపించడం సరైన పద్ధతి. ఆ సమయంలో వేళ్లు లోపల పెట్టకండి, స్ప్రే ఆవిరి పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. వాక్యూమ్ రకమైతే చేతి పంపుతో లేపి పట్టుకుని కింద శుభ్రం చేయొచ్చు.

ఎక్కువ శ్రద్ధ పళ్లెం ఆనుకునే అంచు మీద పెట్టండి. గోడల మీద సన్నని మరక మిగిలినా నష్టం లేదు గానీ, ఆ అంచు మీద ఆవగింజంత కార్బన్ మిగిలినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అక్కడ స్టీలు బ్రష్షు, ఎమరీ పేపర్ వాడితే గీతలు పడి జీవితాంతం లీకవుతుంది. శుభ్రమయ్యాక మూసి ఉన్న వాల్వ్ నోట్లో కొద్దిగా క్లీనర్ పోసి చూడండి. కడ్డీ చివర పళ్లెం పైకీ కిందికీ కదిలే పాపెట్ రకం వాల్వ్ అయితే ధారగా కారకూడదు. మధ్యలో ఇరుసు మీద పళ్లెం తిరిగే బటర్‌ఫ్లై రకాల్లో కొద్దిగా కారడం సహజం.

కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్లు వాడకండి, అల్యూమినియాన్ని తినేస్తాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను వేడి లోహం మీద కొట్టినా, ఆరకముందే వేడి చేసినా ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. డబ్బా మీద చదివి, క్లోరిన్ లేనిదే తీసుకోండి.

కూలర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్

కూలర్ లోపలి దారులు సన్నగా ఉంటాయి. కడ్డీ గుచ్చకండి, గోడ చిల్లు పడితే కూలెంట్ ఇంజన్‌లోకే పోతుంది. లోహానికి హాని చేయని కూలర్ క్లీనర్‌ను వేడినీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెట్టి, రెండు వైపుల నుంచీ నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడగండి. కూలెంట్ రంధ్రం ఒకటి మూసి, రెండో దాంట్లోంచి సుమారు 1 బార్ గాలి ఇచ్చి, వేడినీళ్లలో ముంచి చూడండి. కొన్ని చీలికలు వేడికే తెరుచుకుంటాయి, చన్నీళ్లలో బుడగ రాదు.

మానిఫోల్డ్ నోట్లోకి టార్చి వేసి చూడండి. పొర రెండు మూడు మి.మీ. ఉంటే చేతికందినంత గీకి లాగేస్తే చాలు. దారి సగానికి సగం మూసుకుపోతే మానిఫోల్డ్ విప్పి తీయడం ఒక్కటే మార్గం. ఇంజన్ మీదే ఉంచి గీకితే ఊడిన పెచ్చు సిలిండర్ వాల్వ్‌ల కింద ఇరుక్కుంటుంది, లేదా సిలిండర్‌లో పడుతుంది. స్వర్ల్ ఫ్లాపులు (లోపలికి పోయే గాలిని సుడి తిప్పే చిన్న రెక్కలు) ఉంటే వాటి ఇరుసులు వదులయ్యాయేమో ఇప్పుడే చూసుకోవాలి. సిలిండర్ హెడ్‌లోని ఇన్‌టేక్ దారులను, ఆ సిలిండర్ వాల్వ్‌లు మూసుకుని ఉన్నప్పుడు మాత్రమే శుభ్రం చేయండి. మానిఫోల్డ్ మీదుండే ప్రెషర్ సెన్సర్ మొన చాలాసార్లు మసిలో కూరుకుపోయి ఉంటుంది. అది తప్పు ప్రెషర్ చెప్పినంతకాలం పికప్ రాదు. స్ప్రేతో తడిపి, మెత్తటి గుడ్డతో తుడవండి. సూది లాంటివి పెట్టకండి.

ఇంజన్ తిరుగుతుండగా ఇన్‌టేక్‌లోకి కొట్టే ఫోమ్, స్ప్రేల గురించి చాలామంది అడుగుతారు. పలుచని పొర మీద కొంత పనిచేస్తాయి, గట్టిపడిన కార్బన్ మీద పెద్దగా చేయవు. డీజిల్ ఇంజన్‌కు మండే ఆవిరి ఏది దొరికినా ఇంధనమే. ఒక్కసారిగా ఎక్కువ కొడితే రేస్ దానంతటదే పెరిగి ఇంజన్ అదుపు తప్పుతుంది. ఊడిన ముద్దలు టర్బో రెక్కల గుండా, డీపీఎఫ్‌లోకి పోతాయి. వాల్వ్ చేతికి అందేలా ఉన్న ఇంజన్‌కు ఈ పద్ధతి అవసరమే లేదు.

బిగించడం, కంప్యూటర్‌కు నేర్పడం

గుడ్డలు అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి. పాత గ్యాస్కెట్ ముక్కలు పూర్తిగా తీసి, కొత్తది పొడిగా వేయండి. ఎగ్జాస్ట్ వైపు సిలికాన్ పేస్టు పూయకండి, ఆ వేడికి నిలవదు. బోల్టులన్నీ ముందు వేళ్లతో రెండు మూడు చుట్లు తిప్పి, తర్వాత ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. సాధారణంగా 6 మి.మీ. మర బోల్టుకు 8-10, 8 మి.మీ. మర బోల్టుకు 20-25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే చివరి మాట. కూలెంట్ నింపాక గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా వదలాలి.

బ్యాటరీ కలిపి, కోడ్‌లు చెరిపి, స్కానర్‌లో ఈజీఆర్ అడాప్టేషన్ రీసెట్ చేయండి. మసి ఉన్నప్పుడు వాల్వ్ ఎక్కడ ఆగేదో కంప్యూటర్ దాన్నే మూసిన స్థానంగా నేర్చుకుని ఉంటుంది. ఈ రీసెట్ వదిలేస్తే, వాల్వ్ కొత్తదిలా ఉన్నా ఐడిలింగ్ ఊగుతుంది, కోడ్ తిరిగొస్తుంది. స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు మిగిలిన క్లీనర్ కాలిన పొగ వస్తుంది, కంగారు పడకండి. జాయింట్ల దగ్గర చుఫ్ చుఫ్‌మనే శబ్దం వస్తే మాత్రం ఆపి మళ్లీ చూడాలి. ఇంజన్ వేడెక్కాక మొదటి మూడు అంకెలను మళ్లీ చదివి, పాతవాటి పక్కన రాసుకోండి.

మళ్లీ పేరుకోకుండా

బ్లాంకింగ్ ప్లేటు వేసి ఈజీఆర్‌ను మూసేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండికి అది చట్టవిరుద్ధం. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, అవి పీల్చేది మనమే. చాలా బళ్లలో కంప్యూటర్ కూడా ఊరుకోదు, పీ0401 చూపించి పవర్ తగ్గించేస్తుంది.

మసిలో మీకు కనిపించిన కారణాన్ని సరిచేయడమే నిజమైన నివారణ. దానితో పాటు మాన్యువల్‌లో చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే పోయండి. డీపీఎఫ్ ఉన్న బండికి తక్కువ బూడిద ఇచ్చే రకం కావాలి. అనవసరంగా ఐడిలింగ్‌లో ఉంచకండి. వారానికోసారైనా వేడెక్కిన ఇంజన్‌ను 20-30 నిమిషాలు ఆగకుండా, 2000-2500 ఆర్పీఎం దగ్గర లోడు మీద నడపండి. గట్టిపడిన పాత కార్బన్ దీనితో కాలిపోదు, కొత్తది పేరుకునే వేగం మాత్రం తగ్గుతుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, జాయింట్ల చుట్టూ నల్ల గీతలు పడ్డాయేమో చూసి, స్కానర్ పెట్టి ఆ మూడు అంకెలను మళ్లీ చదవండి. వాల్వ్ తెరిచినప్పుడు వచ్చే గాలికి, మూసినప్పుడు వచ్చే గాలికి మధ్య తేడా, శుభ్రం చేసిన రోజు ఎంతో అంతే ఉండాలి. అప్పుడే తగ్గడం మొదలైతే వాల్వ్ జోలికి వెళ్లకండి. ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ టెస్ట్ (వాటి నుంచి వెనక్కి పోయే డీజిల్‌ను కొలిచే పరీక్ష) చేయించి, బ్రీదర్ సెపరేటర్‌ను, టర్బో సీళ్లను పరీక్షించండి.